కన్ను గెంతితే మెదడుకు మిగిలేదేమిటి? – 3వ పాఠం: ఒక్క చూపు మోసేదెంత

పోయిన పాఠంలో అద్దంలో మీ ఎడమ కంటినీ కుడి కంటినీ మార్చి మార్చి చూశారు. కళ్లు కదలడం పక్కనున్నవాళ్లకు కనబడింది, మీకు కనబడలేదు. శాకేడ్ అనే ఆ గెంతు సాగినంతసేపూ మెదడు చూపును అణిచి ఉంచుతుంది. సెకనుకు 3, 4 సార్లు ఇలా జరుగుతుంటే, ముందు చూసినదాంట్లో గెంతు దాటి నిలిచేదెంత?

కర్నూలులో కొండారెడ్డి బురుజు ముందు నిలబడండి. బురుజు, ఆటోలు, అంగళ్ల బోర్డులు అన్నీ ఒక్కసారే స్పష్టంగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి పదునుగా కనబడేది చేయి చాచితే బొటనవేలి గోరు కప్పేంత మేర, సుమారు 2 డిగ్రీలు. 1990ల మొదట్లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ఇర్విన్ అక్షరాలతో చేసిన ప్రయోగాల్లో గెంతు దాటి గుర్తున్నవి 3, 4 మాత్రమే.

ఇప్పుడు మీ లెక్క తీయండి. రెండు కాగితాల మీద 2 సెంటీమీటర్ల గళ్లు, అడ్డం 4, నిలువు 4 గీయండి. ఒకదాంట్లో 8 గళ్లకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు స్కెచ్ పెన్నులతో ఇంట్లో ఇంకొకరి చేత రంగులేయించండి. అదే నమూనా. దాన్ని ఎడమవైపు, ఖాళీ కాగితాన్ని 40 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు పెట్టుకుని, చూసి దింపండి. మీ చూపు నమూనా మీదికి పోయిన ప్రతిసారీ ఎదురుగా కూర్చున్న మనిషి ఒక గీత గీయాలి.

గీతలు ఎనిమిది దాటితే జ్ఞాపకశక్తి తక్కువనుకోవద్దు. 1995లో బల్లార్డ్, హేహో అనే పరిశోధకుల బృందం రంగు దిమ్మెలతో ఇలాంటి పనే చేయించింది. చాలామంది ఒక్కో దిమ్మెకు రెండుసార్లు చూశారు: మొదట రంగు కోసం, తర్వాత చోటు కోసం. మళ్లీ చూడడం సులువైనప్పుడు మెదడు మోయదు. ఈ పాఠంలో అసలు విషయం ఇదే.

అందుకే రెండో విడత. వేరే నమూనా వేయించి, తల పూర్తిగా తిప్పితే తప్ప కనబడకుండా పక్క గోడకు అంటించండి. గీతలు తగ్గాలి.

తగ్గకపోతే, లేదా మొదటి విడతలోనే మూడు నాలుగుకు మించకపోతే, ఎక్కడో తేడా ఉంది. ఎక్కువగా జరిగేది, "ఎరుపు, నీలం" అని లోలోపల అనుకోవడం. అప్పుడు కొలిచేది మాటల జ్ఞాపకాన్ని, చూపును కాదు. దింపినంతసేపూ "లలల" అంటూ ఉండండి. ఒకే రంగు గళ్లు వరుసగా పడ్డా లెక్క చెడుతుంది, వరుస మొత్తం ఒకే వస్తువుగా గుర్తుంటుంది కాబట్టి. రంగులు మార్చుకుంటే, ఎరుపు పక్కన నారింజలా కలిసిపోయేవి వాడకండి.

ఒక్కో విడత మూడు నమూనాలతో చేసి, గీతల సగటు రాసి ఉంచండి. నాలుగో పాఠంలో గళ్ల బదులు అక్షరాలు పెడతాం, ఈ అంకెలతోనే పోల్చాలి.