ల్యాప్‌టాప్‌కు ఎస్‌ఎస్‌డీ, 2వ పాఠం: ముందు స్లాట్, తర్వాతే ధర

మీ ల్యాప్‌టాప్ నత్తనడకకు కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్‌డిస్కే అని మొదటి పాఠంలో తేల్చుకున్నాం. ఇక దాని బదులు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో డేటా దాచే డ్రైవ్, కొనడమే అనుకుంటున్నారా? ఆగండి. ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి ఆర్డర్ పెట్టేసి, తీరా మూత విప్పాక అది పట్టక తిప్పి పంపేవాళ్లు చాలామంది. మీరు ఆ టెన్షన్ పడకూడదనే ఈ పాఠం.

పాత ల్యాప్‌టాప్‌లలో 2.5 అంగుళాల హార్డ్‌డిస్క్ ఉంటుంది. దాని చోట, హార్డ్‌డిస్క్ వాడే సాటా అనే కనెక్షన్‌తోనే వచ్చే 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ నేరుగా కూర్చుంటుంది. కొన్ని పాత డిస్కుల మందం 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీది 7. అది లోపల కదులుతుంటే చుట్టూ పెట్టే ప్లాస్టిక్ ఫ్రేమ్ దొరుకుతుంది. అంతే, ఇందులో పెద్ద చిక్కు లేదు.

చిక్కంతా ఎం.2 దగ్గరే. చూయింగ్ గమ్ బిళ్లలా సన్నగా ఉండే ఈ ఎస్‌ఎస్‌డీ కార్డుల్లో రెండు జాతులున్నాయి: హార్డ్‌డిస్కుల దారిలోనే నడిచే సాటా, పీసీఐఈ అనే వేగమైన దారిలో నడిచే ఎన్‌వీఎంఈ. ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే, లోపల డేటా ఏ దారిన నడుస్తుందో అది చెప్పదు. ఎన్‌వీఎంఈ మాత్రమే నడిచే స్లాట్‌లో సాటా కార్డు చక్కగా దిగిపోవచ్చు, స్క్రూ కూడా పడుతుంది, కానీ బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) డ్రైవ్ కనిపించదు. కార్డు పాడైందని అనుకుంటారు, పాపం దాని తప్పేమీ లేదు.

కార్డు అంచున గాట్లు చూడండి. ఎం.2 సాటా కార్డులకు సాధారణంగా రెండు గాట్లు, నాలుగు లేన్ల (డేటా దారుల) ఎన్‌వీఎంఈకి ఒకటే. రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ కార్డులూ కొన్ని ఉన్నాయి కాబట్టి గాట్లను బట్టే తీర్పు చెప్పకండి. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్‌తో తయారీ సంస్థ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతకండి. స్లాట్ ఏ జాతిదో నేను నమ్మేది ఆ కాగితాన్నే, షాపువాడి మాటను కాదు.

పొడవు కూడా చూడాలి. 2280 అంటే వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు. 2242, 2230 పొట్టివి. పొట్టి స్లాట్‌లో పొడవైనది పట్టదు.

వేగం సంగతి. సాటా సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. పీసీఐఈ మూడో తరం (3.0) ఎన్‌వీఎంఈ 3500 దాకా, నాలుగో తరం (4.0) అయితే 7000 దాకా వెళ్తాయి. మీ ల్యాప్‌టాప్ 3.0ది అయితే 4.0 డ్రైవ్ పనిచేస్తుంది కానీ 3.0 వేగంతోనే. సాటా స్లాట్ మాత్రమే ఉందని దిగులు పడకండి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్‌డిస్క్‌కు ఒక్క చుట్టుకే 11 మిల్లీసెకన్లు పడుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే ఉండదు. బ్రౌజర్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు ఇవే మీ పనులైతే, హార్డ్‌డిస్క్ నుంచి సాటాకు మారినప్పుడు కనిపించేంత తేడా సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కనిపించదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల లెక్క వేరు.

వచ్చే పాఠానికి ముందు మీ పని: మాన్యువల్ తెరిచి స్లాట్ రకం, పొడవు, పీసీఐఈ తరం ఒక కాగితం మీద రాసుకోండి. స్టోరేజ్ విడి కార్డుగా కాకుండా బోర్డుకే అతికించి ఉందని అందులో ఉంటే, అదనపు స్లాట్ ఏదైనా ఉందేమో చూడండి. 3వ పాఠంలో కెపాసిటీ ఎంత తీసుకోవాలో, టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అనే రెండు రకాల మెమరీ చిప్‌లకు తేడా ఏమిటో చూద్దాం.