పిల్లలకు కరెంటు పాఠం: ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే తీగముక్క

పోయిన వేసవి సెలవులకు మా అక్క కొడుకు రేపల్లె నుంచి వచ్చాడు. అప్పటికి ఐదో తరగతి అయింది. నాది తెనాలిలో మోటారు వైండింగ్ షాపు, ఇరవై ఏడేళ్లుగా. వాణ్ని దించి వెళ్తూ అక్క ఒకటే మాట చెప్పింది. "ఒరేయ్, వీణ్ని నీ షాపులో దేన్నీ ముట్టుకోనివ్వకు. అసలే వీడి చెయ్యి ఊరుకోదు." సరేనన్నాను. అక్క ఎక్కిన ఆటో మలుపు తిరగగానే వాడి చేతిలో ఒక పెన్సిల్ సెల్లు, ఒక టార్చి బల్బు, రెండు కొసలూ తోలు తీసిన జానెడు తీగముక్క పెట్టి "దీన్ని వెలిగించు చూద్దాం" అన్నాను.

చెయ్యి ఊరుకోని పిల్లాడికి "ముట్టుకుంటే షాక్ కొడుతుంది" అని వందసార్లు చెప్పినా, ఎవరూ లేనప్పుడు ఒకసారి ముట్టుకునే చూస్తాడు. నేనూ అలాంటివాణ్నే. అందుకే ముందు భయం నేర్పను. కరెంటు వెళ్లడానికి దారి ఉంటే చాలదు, తిరిగి రావడానికీ దారి కావాలి, ఈ ఒక్క ముక్క వాళ్ల చేతికి తెలిసేలా చేస్తాను. జాగ్రత్తలు దాని వెనకే వస్తాయి. ఇంట్లో ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలుంటే మీరూ చెయ్యొచ్చు, వైరింగు పని రానక్కర్లేదు.

సెల్లు మామూలు చవక జింకు సెల్లే తెచ్చుకోండి. రీచార్జ్ సెల్లులు వద్దు, పొరపాటున షార్ట్ అయితే అవి చెయ్యి కాల్చేంత వేడెక్కుతాయి. పాత ఫోన్ బ్యాటరీలు, పవర్ బ్యాంకులు, ఇన్వర్టర్ బ్యాటరీ జోలికి అసలు పోవద్దు. ఇన్వర్టర్‌ది 12 వోల్టులే కదా అనుకుంటారు, దాని మీద స్పానరు అడ్డం పడితే నిప్పులు ఎలా లేస్తాయో నాకు తెలుసు. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల సెల్లులు చిన్నపిల్లల కంట పడనివ్వకండి. మింగితే రెండు గంటల్లోపే గొంతులో పుండు పడొచ్చు. మింగారని అనుమానం వచ్చినా తెల్లారేదాకా చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. టార్చి బల్బు ఈమధ్య సరిగా దొరకడం లేదు. లేకపోతే తెల్ల ఎల్‌ఈడీ ఒకటి, సెల్లులు రెండు తీసుకోండి. దాని పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి, తిప్పి పెడితే వెలగదు.

మళ్లీ మా వాడి దగ్గరికి వస్తే, వెలిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మొదట బల్బు అడుగుని సెల్లు తలమీద ఆనించాడు. వెలగలేదు. తీగ ఒక కొస సెల్లుకి, ఇంకో కొస బల్బు అడుగుకి పెట్టాడు. ఊహూఁ. "సెల్లు అయిపోయింది మామయ్యా" అన్నాడు. కొత్తదేరా అన్నాను. మా అమ్మాయి ఏడో తరగతి, చెప్పబోతుంటే కళ్లతోనే ఆపాను. తర్వాత వాడు తీగ రెండు కొసల్నీ నేరుగా సెల్లు రెండు చివరలకీ నొక్కిపట్టి, కాసేపటికి "అబ్బా, కాలుతోంది!" అని వదిలేశాడు. షార్ట్ సర్క్యూట్ అంటే ఏమిటో నేను చెప్పకుండానే వాడికి తెలిసింది. మొత్తానికి బల్బు అడుగు సెల్లు ప్లస్ మీద ఉంచి, మైనస్ నుంచి తీగ తెచ్చి బల్బు పక్కన ఇత్తడి అంచుకి తగిలించాడు. మసగ్గా వెలిగింది. వాడు కేక పెట్టిన కేకకి టీకొట్టు వాళ్లు ఇటు చూశారు.

ఈ ఇరవై నిమిషాలూ మీరు నోరు కట్టుకోవాలి, మొత్తం మీద కష్టమైన పని అదే. వెలిగాక మాత్రం కరెంటు ఎటు నుంచి బయల్దేరి ఎటు తిరిగి వచ్చిందో వేలితో చూపించమనండి. బల్బులో అడుగు చుక్క ఒక గుమ్మం, పక్క అంచు ఇంకో గుమ్మం అని వాళ్లే చెప్తారు.

మర్నాడు అట్టముక్క మీద రెండు డ్రాయింగ్ పిన్నులు, మధ్యలో ఒక పిన్నీసు పెట్టి స్విచ్చి చేశాం. ఆ తీగల మధ్యలో ఖాళీ వదిలి, ఇంట్లో వస్తువులన్నీ అక్కడ అడ్డంపెట్టి పరీక్ష. చెంచా వెలిగింది, గాజు గాజు వెలగలేదు, మా అమ్మ బంగారు గాజు వెలిగింది, రబ్బరు చెప్పు వెలగలేదు. రెండువైపులా చెక్కిన పెన్సిల్ ములుకు కొద్దిగా వెలిగింది, దానికి ఇద్దరూ ఆశ్చర్యపోయారు. అప్పుడు షాపులోంచి వైండింగ్ తీగ ముక్క తెచ్చి ఇచ్చాను. ఎర్రగా నిగనిగలాడే రాగి. వెలుగుతుందా? ఇద్దరూ వెలుగుతుందని పందెం కాశారు. వెలగలేదు. గరుకు కాగితం ఇచ్చి కొసలు రుద్దమన్నాను. పది రుద్దులకు నిగనిగ పోయి అసలు రాగి లేత రంగులో బయటపడింది. ఈసారి వెలిగింది. రాగి మీద కంటికి కనపడనంత పల్చగా ఎనామిల్ పూత ఉంటుంది. మోటారులో వందల చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా కరెంటు అడ్డదారి పట్టకుండా ఆపేది ఆ పూతే. అది మాడితే మోటారు మాడినట్టే, నా షాపు నడిచేది దాని మీదే. తీగ మీద తోలు చిట్లితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు దొరకలేదు.

సీరియల్ సెట్ సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. రెండు బల్బుల్ని ఒకదాని వెనక ఒకటి కలిపి, ఒకటి విప్పితే రెండోదీ ఆరిపోతుంది. పండక్కి తోరణంలో ఒక్కటి పోతే వరసంతా ఎందుకు ఆరుతుందో వాళ్లకే తడుతుంది. ఇంట్లో ఫ్యాను ఆపినా లైటు ఆగదంటే, ఒక్కోదానికీ విడిగా రానూపోనూ దారి ఉన్నట్టు.

ఫ్యూజు ఎలా పనిచేస్తుందో చూపించడానికి చెక్కపాలిష్ వాళ్లు వాడే సన్న స్టీల్ ఊల్ నుంచి ఒక్క పోగు తీసి, స్టీలు పళ్లెం పైన రెండు సెల్లుల తీగల మధ్య పట్టుకోండి. ఎర్రగా మెరిసి పుటుక్కున తెగిపోతుంది. ఇది పెద్దవాళ్ల చేత్తోనే చెయ్యాలి, దగ్గర్లో కాగితాలు ఉండకూడదు, ఊల్ ఉండ మిగతాది దూరంగా పెట్టాలి, అది అంటుకుంటుంది. ఇల్లు తగలబడకుండా అక్కడ తీగ తెగిపోయిందని చెప్పండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టే పెద్దమనుషులు కూడా ఒకసారి ఈ ప్రయోగం చూస్తే బావుండును.

ఇప్పుడు గోడ దగ్గరికి. సెల్లు 1.5 వోల్టులు, ప్లగ్ పాయింటు 230. భాగిస్తే 153 సెల్లులు పైనే. ఒక్కో పెన్సిల్ సెల్లు ఐదు సెంటీమీటర్ల పొడవు. పిల్లలు నా టేపు పట్టుకుని షాపు గడప నుంచి చాక్‌పీసుతో గీశారు, ఏడున్నర మీటర్లు దాటి గీత రోడ్డు అవతల టీకొట్టు బల్ల దాకా పోయింది. ఇది గీయడం వరకే, నిజంగా అన్ని సెల్లులు పేరిస్తే అదీ ప్రాణం తీసేదే. మా నియమం ఒక్కటే: ప్రయోగాలు సెల్లుతోనే. గోడలోది నా షాపులో పనికి చేరిన కుర్రాడైనా ఏడాది దాకా ముట్టుకోడు. టెస్టరు కూడా పిల్లల చేతికివ్వను. అందులో లైటు వెలగడానికి మనమే తీగ అవుతాం, లోపలి రెసిస్టెన్సు కరెంటుని బాగా తగ్గిస్తుంది కాబట్టి మనకు తెలియదు, అంతే.

ఇక్కడే మా వాడు నన్ను నిలేశాడు. "తిరిగి వెళ్లే దారి లేకపోతే కరెంటు పోదన్నావు కదా మామయ్యా. ఒక్క తీగ పట్టుకుంటే షాక్ ఎలా కొడుతుంది మరి? రెండోది పట్టుకోలేదుగా?"

అడగాల్సిన ప్రశ్నే. నోటితో చెప్పకుండా పెరట్లో ఎండిపోయిన పూలకుండీ తెచ్చాను. చదరపు 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, దానికి వరసలో 470 ఓముల రెసిస్టరు, అది లేకపోతే ఎల్‌ఈడీ మాడిపోతుంది. తీగల కొసలకి రెండు మేకులు కట్టి ఎండుమట్టిలో నాలుగు వేళ్ల ఎడంలో గుచ్చాం. వెలగలేదు. గ్లాసు నీళ్లు పోశాడు. మట్టి నీళ్లు పీల్చుకుంటుండగా ఎల్‌ఈడీ మినుకుమంది. చెంచాడు ఉప్పు వేసి ఇంకాసిని నీళ్లు పోస్తే బాగా వెలిగింది. ఇద్దరూ కాసేపు కుండీ వంకే చూస్తూ ఉండిపోయారు.

"మన వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తిరిగి వెళ్లే తీగని, అంటే న్యూట్రల్‌ని భూమిలోకి దింపి ఉంచుతారు. అంటే నువ్వు నిలబడ్డ నేలే రెండో తీగ" అన్నాను. మా అమ్మాయి వెంటనే కాలికి చెప్పులు తొడుక్కుంది. చెప్పు అడ్డం ఉంటే నయమే గానీ దాన్ని నమ్ముకోకూడదని, తడి చెప్పు అసలు చెప్పే కాదని చెప్పాను. తడి చేతులతో స్విచ్చి ఎందుకు వద్దంటారో ఆ ఉప్పునీళ్ల కుండీయే చెప్పింది. ఇంటి వైరింగుని నేలకి కలిపే ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి ఎండాకాలం నీళ్లు ఎందుకు పోస్తామో కూడా అప్పుడే అర్థమైంది వాళ్లకి. కాకి తీగ మీద హాయిగా ఎందుకు కూర్చుంటుందో నన్ను అడక్కుండానే చెప్పారు. గబ్బిలం రెక్కలు చాపి రెండు తీగల్నీ ఒకేసారి తాకి అక్కడే వేలాడుతుంది, మా కాలవ గట్టున చూపించాను.

నా సంగతీ చెప్పాను. పన్నెండేళ్లప్పుడు మా ఇంటి దండెం ఇనప తీగ. సర్వీసు వైరు తోలు చిట్లి దానికి తగులుతోందని ఎవరూ చూడలేదు. వానాకాలం, ఉత్తకాళ్లు, తడి చొక్కా ఆరేయబోయి తీగ పట్టుకున్నాను. పిడికిలి తెరుచుకోలేదు. కేక కూడా రాలేదు. అమ్మ పొడి గడకర్రతో చేతి మీద కొట్టి విడిపించింది. అమ్మకి అది ఎలా తట్టిందో ఆవిడకే తెలియదు. అందుకే వైరింగుకి ఏ ఇంటికి వెళ్లినా దండేనికి నైలాన్ తాడు కట్టమని పోరతాను.

తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరగండి. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను పొడుగ్గా, లావుగా ఎందుకుందో అడగండి. అందరికన్నా ముందు లోపలికి వెళ్లి, ఆఖర్న బయటికొచ్చేది ఎర్తే కావాలని. కూలరు, గీజరు, ఫ్రిజ్ లాంటి ఇనప ఒంటి వస్తువుల్లో లోపల తీగ తగిలితే కరెంటు మన ఒంట్లోంచి కాక ఆ దారిన పోవాలని. కూలరులో నీళ్లు పోసేముందు స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాలి. బకెట్లో హీటరు రాడ్ ఉండగా నీళ్లు వేడెక్కాయా అని వేలు పెట్టకూడదు. కరెంటు పోయింది కదా అని ధీమా పడొద్దు, ఇన్వర్టరున్న ఇంట్లో పాయింట్లు బతికే ఉంటాయి. పొలం ఉన్న ఇళ్లలో మోటారు స్టార్టరు డబ్బా వైపు పిల్లలు వెళ్లకూడదు. సంక్రాంతికి గాలిపటం తీగలకు చిక్కితే పటాన్ని వదులుకోవడమే.

మెయిన్ బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ ఉంటే మీరు దాని టెస్ట్ బటన్ నొక్కి పిల్లలకు చూపించండి. ఇంట్లోకి వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు అది లెక్క చూస్తుంటుంది. ఇళ్లలో పెట్టేదాంట్లో 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే క్షణంలో పడిపోతుంది, ఎందుకంటే ఆ తేడా ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతుండొచ్చు. పక్కనున్న 6 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, 6000 మిల్లీ ఆంపియర్లకి గానీ ఉలకదు. రెండొందల రెట్లు. అది తీగల్ని కాపాడుతుంది, మనిషిని కాదు. ఎంసీబీ ఉందిగా అనే నాన్నలకి ఈ లెక్క పిల్లలతోనే చెప్పించండి. బటన్ నొక్కినా పడకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవాలి.

ఆఖర్న ఒక నాటకం. నేను ఫ్యాను పట్టుకుని షాక్ కొట్టినట్టు నటిస్తాను. పిల్లలు నన్ను ముట్టుకుంటే ఓడిపోయినట్టు. పరుగెత్తి మెయిన్ ఆపాలి, అది అందకపోతే పెద్దవాళ్లని అరిచి పిలవాలి, 108కి ఫోన్ చెయ్యాలి. మొదటిసారి మా వాడు "మామయ్యా!" అంటూ నా చెయ్యే పట్టుకున్నాడు. నాలుగోసారికి గానీ కుదరలేదు. పొడి కర్రతో విడిపించడం పెద్దల పని, పిల్లలకి నేర్పను. రోడ్డు మీద స్తంభం తీగ తెగి పడితే కర్రా గిర్రా ఏమీ లేవు, కనీసం పది మీటర్ల దూరంలో ఉండి ఎవర్నీ రానివ్వకుండా 1912కి చెప్పాలి.

సెలవులు అయ్యాయి, వాడు రేపల్లె వెళ్లిపోయాడు. వారానికి అక్క ఫోన్. "ఏం చేశావురా వీణ్ని? ఫ్రిజ్ ప్లగ్గుకి పొడుగు పిన్ను లేదు, ఎవరూ ముట్టుకోవద్దని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు." ఎవరో రిపేరుకి వచ్చినవాడు ప్లగ్గు పాడైతే టూ పిన్ను తగిలించి పోయాడట. ఆదివారం రైలెక్కి వెళ్లాను. మూడు పిన్నులది పెట్టబోతూ పాయింటు విప్పితే, ఎర్త్ వైరు పెట్టె లోపలే కత్తిరించి మడిచి ఉంది. దాన్ని మీటరు దాకా లాగి కలిపేసరికి సాయంత్రం అయింది. టార్చి పట్టుకున్నది వాడే, చేతులు వెనక్కి కట్టుకోవడం కుదరక ఒక్క చెయ్యి కట్టుకున్నాడు.