గదిలో కీటకాహార మొక్కలు: నీళ్ల దగ్గర వచ్చే సమస్యలు, పరిష్కారాలు

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు చిన్న కుండీల్లో సన్‌డ్యూ (ఆకుల మీది జిగురు చుక్కలతో పురుగులను పట్టేది), వీనస్ ఫ్లైట్రాప్ (బోనులా మూసుకునే ఆకులది) పెట్టి ఎల్ఈడీ లైట్ల కింద పెంచుతున్న మనవాళ్లు మొక్క వాడగానే అడిగేది ఒకటే: "నీళ్లు ఎక్కువైనయా, తక్కువైనయా?" అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ నీళ్లు పోస్తున్నామన్నది. ఈ మొక్కలు సత్తువ లేని చిత్తడి నేలల్లో పుట్టినవి. నేలలో దొరకని నత్రజనిని పురుగుల నుంచి తీసుకుంటాయి కాబట్టి వాటి వేర్లు ఉప్పును, సున్నాన్ని ఓర్చుకోలేవు.

ఇంకో మాట. ఏ తేడా కనిపించినా పాత ఆకును చూసి కంగారుపడొద్దు, అది ఎలాగూ ఎండేదే. కొత్తగా విచ్చుకునే ఆకును చూడండి. అది బాగుంటే మొక్క కోలుకుంటున్నట్టే.

ఆకు కొసలు మాడుతున్నాయి, మట్టి మీద తెల్లటి పొర

ఇది బోరు నీళ్ల పని. తాగే నీటికి మన దేశ ప్రమాణం ప్రకారం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 500 వరకు ఫరవాలేదు. ఈ మొక్కలకు 50 దాటకపోతే మంచిది. అంటే మనం నిశ్చింతగా తాగే నీళ్లు కూడా వీటికి పదింతలు ఉప్పన కావచ్చు. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు చవకగా దొరుకుతుంది. లైటు కంటే ముందు అది కొనమని చెప్తాను.

నీళ్లు కాచి చల్లార్చితే ఉప్పు పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా బకెట్‌లో ఉంచితే పోయేది క్లోరిన్ ఒక్కటే. ఇంట్లో ఆర్వో ఉందంటే సరిపోదు. చాలా మిషన్లు రుచి కోసం లవణాలను తిరిగి కలుపుతాయి, కాబట్టి మీటరు పెట్టి చూడాలి. క్యాన్ నీళ్లకూ ఇదే పరీక్ష. కూలర్ ట్యాంకులో మిగిలిన నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయొద్దు. రోజంతా ఆవిరై ఆవిరై ఉప్పంతా అందులోనే మిగులుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో టీడీఎస్ తక్కువే, అయితే కాయిల్‌ను మందు కొట్టి కడిగిన రోజుల్లో వాటిని ముట్టుకోవద్దు. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడొచ్చు. కొనేటప్పుడు అది యాసిడ్ కలిపినది కాదని అడిగి మరీ తీసుకోండి.

అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. మన దగ్గర బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం ఉన్నాయి, స్లాబు మీద దుమ్ము, బూడిద పేరుకుని ఉంటాయి. అందుకే మొదటి వానలను వదిలేసి, కప్పు బాగా కడుక్కుపోయాక పట్టుకోవాలి. మూత బిగించిన డ్రమ్ములో, ఎండ తగలకుండా దాచితే ఎండకాలానికి అక్కరకొస్తాయి.

ఇప్పటికే తెల్ల పొర కట్టిన కుండీకి పైనుంచి మంచి నీళ్లు ధారగా పోసి, కింద నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. కుండీ పట్టేదానికి మూడు నాలుగింతల నీళ్లు పోయాలి. కింది ట్రేను కూడా కడగాలి, ఆవిరైన నీటి ఉప్పంతా అందులోనే ఉంటుంది. పొర మందంగా ఉంటే మట్టి మార్చడమే దారి: ఎరువు కలపని పీట్ మాస్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు). కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) తరచుగా ఉప్పు ఉంటుంది, పదే పదే కడగకుండా వాడొద్దు.

సన్‌డ్యూకు జిగురు చుక్కలు రావట్లేదు

ట్రేలో నీళ్లుండి, మీటరు సరిగ్గా చూపిస్తుంటే గాలిని అనుమానించండి. మే నెలలో ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, గాలిలో తేమ ఉండదు. లైటు వేడికి రెండు మూడంగుళాల కుండీ మధ్యాహ్నానికే ఆరిపోతుంది. ఫ్యాను గాలి నేరుగా తగిలితే చుక్కలు నిలవవు. కుండీని గాలి దారి నుంచి తప్పించండి. ట్రేలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీళ్లు ఉండేలా పొద్దున, సాయంత్రం చూడండి. చుక్కలు రావాలని ఆకుల మీద నీళ్లు చల్లితే ఉన్న జిగురు కూడా కడుక్కుపోతుంది.

తేమ బాగున్నా కొత్త ఆకులు సన్నగా, పొడవుగా, పచ్చగానే వస్తుంటే వెలుతురు చాలట్లేదు. లైటును దగ్గరికి దించండి, రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగనివ్వండి. కొత్తగా కొరియర్‌లో వచ్చిన మొక్క అయితే కొన్నాళ్లు ఊరికే వదిలేయండి.

మన దేశంలోనే పెరిగే డ్రాసిరా బర్మానీ అనే సన్‌డ్యూ చాలావరకు ఏడాది మొక్క. పూసి, గింజ పెట్టాక చచ్చిపోతే అది నీళ్ల తప్పు కాదు. గింజలు ఏరి దాచుకోండి.

ఫ్లైట్రాప్ మొదలు నల్లబడి మెత్తబడింది

ఒక్కో బోను కొన్నిసార్లు మూసుకున్నాక నల్లబడి రాలిపోతుంది, అది మామూలే. మొదలే మెత్తగా నలిగి కంపు కొడితే కుళ్లు. వెలుతురు తక్కువగా ఉండి, ట్రేలో లోతుగా నీళ్లు నిలిస్తే వస్తుంది, చలికాలంలో మరీ ఎక్కువ. కుళ్లిన భాగాన్ని శుభ్రమైన కత్తెరతో తీసేసి కొత్త మట్టిలో నాటండి. ఆ తర్వాత ట్రే ఎండాక ఒక రోజు ఆగి పోయండి. మట్టి వేలికి చెమ్మగా తగిలితే చాలు.

ఈ మొక్క సొంతూరు అమెరికాలోని కరోలినాల తీర ప్రాంతం, చలికాలంలో మూడు నాలుగు నెలలు నిద్రపోవడం దాని నైజం. డిసెంబరులో లైటు తగ్గించి చల్లటి కిటికీ దగ్గర పెట్టండి, నీళ్లు కూడా తగ్గించండి. అప్పుడు ఎదుగుదల ఆగిందని ఎక్కువ పోయడం వల్లే చాలా మొక్కలు పోతాయి.

మట్టి మీద పాచి, చిన్న ఈగలు

పైమట్టి ఎప్పుడూ తడిగా ఉండి, లైటు పడుతుంటే రెండూ వస్తాయి. నీళ్లు కిందినుంచే పెట్టండి, మండే ఎండకాలం కాకపోతే ట్రే ఎండేదాకా ఆగండి. వెలుతురు లోపలికి పోని నల్ల ట్రే వాడితే పాచి తగ్గుతుంది. ఆకులు ఎదిగిన ఈగలను పడతాయి, మట్టిలోని వాటి పిల్లపురుగులను పట్టలేవు. ట్రే నీళ్లలో దోమలు గుడ్లు పెట్టకుండా మూడు నాలుగు రోజులకోసారి పారబోసి, తుడిచి మళ్లీ పోయండి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని అస్సలు మానొద్దు.

నెపెంథిస్, పింగిక్యులా

ఈ రెండింటికీ ట్రేలో ఎప్పుడూ నీళ్లు నిలిపే పై పద్ధతి పనికిరాదు. నెపెంథిస్‌ను (ఆకు కొసల్లో కుండలు వేసి పురుగులను పట్టే మొక్క) నీళ్ల ట్రేలో నిలబెడితే వేర్లు కుళ్లుతాయి. పైనుంచి పోసి కారిపోనివ్వాలి. కుండలు రాకుండానే కొసలు ఎండిపోతుంటే చుట్టూ తేమ చాలట్లేదని అర్థం, అలాంటి మొక్కను మన ఎండకాలంలో మూత ఉన్న గాజు తొట్టిలోకి మార్చండి. మెక్సికో పింగిక్యులా (జిగురు ఆకులతో చిన్న పురుగులను పట్టే మొక్క) చలికాలంలో చిన్న, మందమైన ఆకులు వేస్తుంది. అప్పుడు మట్టి దాదాపు ఎండనిచ్చి కొద్దిగా పోయాలి, నడిమి మొగ్గలో నీళ్లు నిలవనివ్వొద్దు.