మూతపడిన కొండ రైలు మార్గం చరిత్రను ఎలా వెతకాలి? (మున్నార్ ఉదాహరణతో)

మున్నార్ వెళ్లిన మనవాళ్లు చాలామంది టాప్ స్టేషన్ దాకా వెళ్లి, మంచులో నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. స్టేషన్ ఏదని అడిగేవాళ్లు తక్కువ. అక్కడ ఒకప్పుడు నిజంగానే రైలు స్టేషన్ ఉండేది. మున్నార్ నుంచి మాడుపట్టి, పాలార్ మీదుగా అక్కడికి వెళ్లిన కుండల వ్యాలీ రైల్వే 1924 వరదలో కొట్టుకుపోయింది. పట్టాలే లేని ఇలాంటి లైన్ల చరిత్రను ఇంట్లో కూర్చుని కొంత, అక్కడ తిరిగి కొంత ఎలా రాబట్టాలో ఈ లైన్‌నే తీసుకుని చూద్దాం.

1. ముందు సరుకు ఏమిటో తెలుసుకోండి

కొండ రైలు అనగానే ఊటీ, డార్జిలింగ్ గుర్తొచ్చి ప్రయాణికుల గురించి వెతకడం మొదలుపెడతాం. కొండల్లోని చిన్న లైన్లు చాలావరకు సరుకు కోసం వేసినవి. ఏ సరుకు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది తేలితే సగం చిక్కుముడులు విడిపోతాయి. మున్నార్‌లో ఆ సరుకు తేయాకు. 1877లో జాన్ డేనియల్ మన్రో పూంజార్ రాజు దగ్గర కన్నన్ దేవన్ కొండలను లీజుకు తీసుకున్నాడు. 1897లో కన్నన్ దేవన్ హిల్స్ ప్రొడ్యూస్ కంపెనీ ఏర్పడింది. రైలు ఆ తర్వాతే వచ్చింది.

ఈ లెక్కతో చూస్తే, రైలు మార్గం కొండ అంచుకు వెళ్లి ఎందుకు ఆగిపోయిందో కూడా అర్థమవుతుంది. టాప్ స్టేషన్ నుంచి తేయాకు పెట్టెలను రోప్‌వే మీద కిందికి, తమిళనాడు వైపున్న కొట్టగుడికి దించేవారు. పైది టాప్ స్టేషన్ అయితే, కొట్టగుడిది బాటమ్ స్టేషన్. అక్కడి నుంచి సరుకు రోడ్డు మార్గాన బోడినాయకనూర్‌కు (బోడి అంటారు) చేరేది.

2. పక్క లైన్ల తేదీలు కూడా రాసుకోండి

చాలామంది వదిలేసే పని ఇదే. ఒక కాగితం మీద సంవత్సరాలు వరసగా రాయండి. 1902: మున్నార్ వైపు మోనోరైల్. 1908: దాని స్థానంలో రెండడుగుల నారో గేజ్ (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం), ఆవిరి ఇంజన్లు. 1924: వరద. ఇప్పుడు వీటి పక్కనే మదురై–బోడినాయకనూర్ లైన్ మొదలైన ఏడాది రాయండి: 1928. అంటే కొండ మీద రైలు నడిచినన్నాళ్లూ కింద బోడిలో రైలే లేదు. పై రైలు దిగిన తేయాకు నేరుగా కింద రైలెక్కేదని ఎవరైనా చెబితే నమ్మక్కర్లేదు. మీటర్ గేజ్‌గా మొదలైన ఆ బోడి లైన్ బ్రాడ్ గేజ్‌గా మారి, 2023 నుంచి మళ్లీ రైళ్లు నడుస్తున్నాయి. పైదానికి ఆ యోగం పట్టలేదు.

3. అది ఎలాంటి రైలో తేల్చుకోండి

1902 నాటి మోనోరైల్ అంటే ఇప్పటి సిటీల్లో స్తంభాల మీద నడిచేది కాదు. ఈవింగ్ పద్ధతి అనేవారు. నేల మీద ఒకటే పట్టా. బండి బరువు దాదాపు అంతా దానిమీదున్న చిన్న చక్రాలదే. పక్కకు ఒరిగిపోకుండా ఒక పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లుతుంది. మున్నార్‌లో ఆ బండ్లను ఎద్దులు లాగేవి. ఇది కళ్లారా చూడాలంటే ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియానికి వెళ్లండి. అదే పద్ధతిలో నడిచిన పటియాలా సంస్థానం మోనోరైల్‌ను అక్కడ ఉంచారు. దానికి ఆవిరి ఇంజన్ ఉంది, మున్నార్‌లో ఎద్దులు, తేడా అంతే.

నెట్‌లో దొరికే పాత ఫొటోల విషయంలో జాగ్రత్త. పట్టాల మధ్య పళ్ల పట్టీ (నిటారు ఎత్తులు ఎక్కేందుకు ఇంజన్ పళ్ల చక్రం పట్టుకునేది) కనిపిస్తే అది ఊటీ లైన్. డార్జిలింగ్‌తోనే అసలు తంటా. దాని గేజ్ కూడా రెండడుగులే కాబట్టి, పట్టాల మధ్య దూరం చూసి మున్నార్‌దని చెప్పలేం. ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే పక్కన పెట్టేయండి.

4. కాగితాలు ఎవరి దగ్గరుంటాయో ఆలోచించండి

ఇది కంపెనీ సరుకు కోసం వేసిన లైన్. రైల్వే శాఖ రికార్డులతో మొదలుపెడితే చేతికి పెద్దగా ఏమీ రాదు. మూడు చోట్ల వెతకాలి. మున్నార్ అప్పట్లో తిరువితాంకూరు సంస్థానంలోది కాబట్టి, ప్రభుత్వ కాగితాల కోసం తిరువనంతపురంలోని కేరళ స్టేట్ ఆర్కైవ్స్. కొట్టగుడి, బోడి మద్రాసు ప్రెసిడెన్సీలోవి కాబట్టి చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్. తోటల యాజమాన్యంలో ఉన్న జేమ్స్ ఫిన్లే కంపెనీ పాత రికార్డులు స్కాట్లాండ్‌లో, గ్లాస్గో యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

తిరువితాంకూరు కాగితాల్లో కొల్లం శకం (మలయాళ క్యాలెండర్) సంవత్సరాలు కనిపిస్తాయి. మన సంవత్సరం కావాలంటే, జనవరి నుంచి ఆగస్టు మధ్య దాకా అయితే వాటికి 825 కలపాలి, ఆ తర్వాత డిసెంబరు దాకా 824. కేరళలో ఇప్పటికీ 'తొంభై తొమ్మిది వరద' అంటారు. అది కొల్లం శకం 1099వ సంవత్సరం. జులై కాబట్టి 825 కలిపితే 1924.

5. అక్కడికి వెళ్లి చూడండి

మున్నార్‌లో టీ మ్యూజియంతో మొదలుపెట్టండి. ఈ రైలు ఇంజన్ చక్రం ఒకటి అక్కడుంది. ఊళ్లో పాత స్టేషన్ భవనం ఇప్పుడు తేయాకు కంపెనీ ఆఫీసు. తర్వాత టాప్ స్టేషన్ వైపు సుమారు 32 కిలోమీటర్ల దారి.

ఇప్పటి రోడ్డే పాత రైలు దారి అనుకోకండి. పళ్ల పట్టీ లేని రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు. కొండ వాలును ఆనుకుని, మెల్లగా వంపు తిరుగుతూ, దాదాపు సమంగా సాగే సన్నని చదును కోసం చూడండి. వాగు దాటే చోట పాత రాతి కట్టడం ఉంటే ఇంకా మంచిది. అయితే ఈ లోయ తర్వాత చాలా మారింది. కుండల, మాడుపట్టి డ్యామ్‌లు రెండూ వరద తర్వాత కట్టినవే, లోయ అడుగు కొంత నీటి కింద ఉంది. అందుకే డ్యామ్‌ల కంటే ముందటి సర్వే మ్యాపు దొరికితే తప్ప ఆ భాగం గురించి గట్టిగా ఏమీ రాయకండి.

తోటలు కంపెనీవి. అడగకుండా లోపలికి పోతే గొడవే. మాడుపట్టి వైపు ఏనుగులు తిరుగుతాయి, వానాకాలంలో జలగలు. తోటల్లో పనిచేసేవాళ్లలో తమిళులు ఎక్కువ కాబట్టి తమిళం వచ్చినవాళ్లు తోడుంటే పెద్దవాళ్లతో మాట్లాడొచ్చు. ఆ రైలును చూసినవాళ్లు ఇప్పుడు లేరు. అందుకని 'ఏ సంవత్సరం' అని అడగొద్దు, 'ఏ చోటు' అని అడగండి. తాతల మాటల్లో తేదీలు చెదిరిపోతాయి గానీ, చోట్ల పేర్లు నిలుస్తాయి.

6. మళ్లీ ఎందుకు వేయలేదో అడగండి

వరదలో కొట్టుకుపోయిందని రాసి ఆపేస్తే సగం చరిత్రే. కొట్టుకుపోయిన లైన్లను తిరిగి వేసినవి ఎన్నో ఉన్నాయి. వరద తర్వాతి పదేళ్లలో సరుకుకు ఇంకేం దారులు వచ్చాయో చూడండి. పడమటి తీరం వైపున్న ఆలువా నుంచి మున్నార్‌కు పాత రోడ్డు కూడా అదే వరదలో పోయింది. కొత్త రోడ్డు వేరే దారిన వచ్చింది. దానిమీది నేర్యమంగళం వంతెన 1935లో తెరిచారు. పడమటి తీరానికి లారీ దారి ఏర్పడ్డాక, తూర్పు అంచున రోప్‌వే దాకా మళ్లీ పట్టాలు వేయడం కంపెనీకి గిట్టుబాటయ్యే పనేనా? నా అనుమానం ఇక్కడే. ఆర్కైవ్స్‌లో మొదట వెతకాల్సింది కూడా ఈ లెక్కల కాగితాలే.

కేరళ దాకా వెళ్లలేనివాళ్లకు నల్లమల ఉంది. నంద్యాల–గిద్దలూరు మధ్య మీటర్ గేజ్‌ను బ్రాడ్ గేజ్ చేసినప్పుడు దారి మార్చారు, దాంతో దొరబావి వంతెన వైపు పాత మార్గం వాడుకలోంచి పోయింది. అక్కడ లైన్ చావలేదు, పక్కకు జరిగింది. కాబట్టి ఆరో ప్రశ్న 'ఎందుకు జరిపారు' అవుతుంది. మిగతా ఐదూ అలాగే పనికొస్తాయి. చుట్టూ అడవి కాబట్టి ముందు అటవీ శాఖ అనుమతి సంగతి కనుక్కుని బయల్దేరండి.