రెండు రంగుల కలాలు

నేను ఒక యూనివర్సిటీ గ్రంథాలయంలో పనిచేస్తాను. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను సమర్పించే ముందు సాఫ్ట్‌వేర్‌లో వేసి, పాత రచనలతో ఎంత శాతం కలుస్తున్నాయో కాగితం మీద ఇవ్వడం నా పని. ఆ కాగితం కోసం ఎదురుచూసేవారిని చూస్తే రక్తపరీక్ష ఫలితం కోసం బల్ల మీద కూర్చున్నవారు గుర్తొస్తారు. "మేడమ్, పది దాటిందా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. ఎక్కడ కలిసిందో, ఎందుకు కలిసిందో అడిగేవారు అరుదు.

కావాలని ఎత్తిరాసినవారు నాకు తక్కువగానే తగిలారు. ఎక్కువమంది రెండేళ్ల కిందట నోట్స్ రాసుకున్న రోజునే దెబ్బతిన్నారు. ఇది నా స్వానుభవం కూడా. ఎంఫిల్‌లో గ్రంథాలయోద్యమం మీద పనిచేస్తూ వేటపాలెంలోని సారస్వత నికేతనం అనే పాత గ్రంథాలయంలో వారం రోజులు కూర్చుని రెండు పెద్ద నోటుపుస్తకాలు నింపాను. ఇంటికి వచ్చి అధ్యాయం మొదలుపెడితే ఏ వాక్యం పుస్తకానిదో, ఏది నాదో తెలియలేదు. నేనే రాశానని మురిసిపోయిన ఒక పేరా, తీరా చూస్తే పాత పత్రిక సంపాదకీయంలోది. మళ్లీ వేటపాలెం రైలెక్కాను. అప్పటినుంచి నా సంచిలో రెండు కలాలు ఉంటాయి.

నీలం కలంతో పుస్తకంలోని మాటలు, ఉన్నవి ఉన్నట్టు, కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. నలుపుతో నా మాటలు. పేజీ పైభాగంలో గ్రంథం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, ముద్రణ. ప్రతి నీలం ముక్క పక్కన పేజీ సంఖ్య. "తర్వాత వేసుకుందాంలే" అన్న పేజీ సంఖ్య మళ్లీ దొరకదు. పుస్తకం వేరొకరు తీసుకుపోతారు, లేదా బైండింగుకు వెళ్తుంది. ఫోనుతో ఫొటోలు తీసుకునేవారికి ఒకటే సూచన: ముందు ముఖపత్రం, దాని వెనక పేజీ తీసి, ఆ తర్వాతే లోపలి పేజీలు తీయండి. ఎవరిదో, ఏ పుస్తకంలోదో తెలియని నలభై ఫొటోలు నాకు చూపించి "ఇది ఏ పుస్తకం మేడమ్?" అని అడిగినవారు ఉన్నారు.

ఇక సొంత మాటల్లో రాయడం. దీన్ని చాలామంది పర్యాయపదాల ఆటగా తీసుకుంటారు. నేనే ఒక వాక్యం కూర్చి చూపిస్తాను. మూలం ఇలా ఉందనుకోండి: "1935లో పెదపాలెంలో పాతూరి నాగభూషణం ప్రారంభించిన పడవ గ్రంథాలయం, కాలువ ప్రయాణికులకు విజ్ఞానాన్ని చేరువ చేసి గ్రంథాలయోద్యమానికి కొత్త ఊపిరి పోసింది." విద్యార్థి మార్చి రాసేది: "పాతూరి నాగభూషణం 1935లో పెదపాలెంలో మొదలుపెట్టిన పడవ గ్రంథాలయం కాలువలో వెళ్లేవారికి జ్ఞానాన్ని అందించి గ్రంథాలయోద్యమానికి నవజీవం కలిగించింది." విజ్ఞానం జ్ఞానమైంది, ఊపిరి జీవమైంది. నడక, వరస, తీర్పు అన్నీ మూలానివే. చొక్కా బొత్తాలు మార్చినంత మాత్రాన అది మన చొక్కా అవుతుందా?

పుస్తకం మూసి, కిటికీలోంచి కాసేపు బయటికి చూసి, నలుపు కలంతో రాస్తే ఇలా వస్తుంది: "కాలువల మీద పడవల్లో మెల్లగా సాగే ప్రయాణంలో మనిషికి తీరిక దొరుకుతుంది. ఆ తీరికను చదువుకు మళ్లించవచ్చని గ్రహించడమే 1935 నాటి పెదపాలెం ప్రయత్నంలోని విశేషం." ఇందులో కాలం, స్థలం పుస్తకం ఇచ్చినవే కనుక అధోజ్ఞాపిక (పేజీ అడుగున మూలం చెప్పే ఫుట్‌నోట్) వేసి తీరాలి. ఆలోచన మాత్రం నాది. 'కొత్త ఊపిరి' ఎక్కడికి పోయిందంటే, దానికి ఆధారం ఏమిటో మూల వాక్యం చెప్పలేదు. పుస్తకం మూశాక గుర్తురాని మాట, చాలాసార్లు అవసరం లేని మాటే.

పుస్తకం మూసి రాయడం పరీక్షల చదువుకూ పనికొస్తుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారిదే పైచేయి. గైడు ముందు పెట్టుకుని అర్ధరాత్రి వల్లెవేసేవారికి 'అంతా వచ్చేసింది' అనిపించేది ఆ మొదటి ఐదు నిమిషాల మాయవల్లే.

శాతాల సంగతికి వద్దాం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సిద్ధాంత గ్రంథంలో సారూప్యత 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి, గడువు ఆరు నెలలకు మించదు. 40 దాటి 60 వరకు అయితే, సవరించిన ప్రతిని ఏడాదిపాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మూలం చెప్పి ఇచ్చిన ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. దీన్ని 'పది శాతం వరకు కొట్టేయవచ్చు' అని చదువుకునేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తొమ్మిది శాతమే వచ్చినా ఆ తొమ్మిదీ ఒకే వ్యాసంలోంచి, మూలం పేరు లేకుండా వచ్చి ఉంటే అది దొంగతనమే.

ఒక పరిశోధకుడు సున్నా శాతం వచ్చిందని స్వీట్లు తెచ్చాడు. తీరా తెరచి చూస్తే అతని తెలుగు గ్రంథమంతా డీటీపీ సెంటర్లో, యూనికోడ్ కాని పాతకాలపు అను ఫాంట్లలో టైపు చేసింది. కాగితం మీద చక్కని తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంపర్థం లేని రోమన్ అక్షరాల గుట్ట. దాన్ని దేనితో పోల్చాలో దానికి తెలియక సున్నా ఇచ్చింది. ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే చదివే యూనికోడ్‌లోకి మార్చి తెమ్మన్నాను. స్వీట్లు మాత్రం అప్పటికే పంచేశాడు. మీరు మొదటి రోజునుంచే యూనికోడ్‌లో టైపు చేసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

యంత్రానికి తరచుగా చిక్కనిది ఇంకొకటి ఉంది, అనువాదం. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి దించి తనదిగా రాసుకోవడం మన భాషా, సామాజిక శాస్త్ర శాఖల్లో పాత జబ్బు. ఒక్క పదమూ కలవదు కనుక శాతం రాకపోవచ్చు. మౌఖిక పరీక్షకు వచ్చే ఆచార్యులు ఆ ఇంగ్లీషు వ్యాసం చదివి ఉంటే మాత్రం రెండో పేజీలోనే గుర్తుపడతారు. అనువదించినా మూలం చెప్పాల్సిందే, 'అనువాదం నాది' అని ఒక ముక్క చేర్చాల్సిందే.

చాట్‌బాట్‌ను అడిగి గ్రంథసూచి తయారుచేసుకుంటున్నవారికి ఒక సంగతి. మొన్న ఒక అమ్మాయి ఒక పత్రిక సంపుటి, పేజీ సంఖ్యలు రాసుకొచ్చింది. ఆ సంపుటి మా అల్మారాలో ఉంది, తీసి ఇచ్చాను. ఆ పేజీల్లో ఉన్నది మరెవరో రాసిన మరేదో వ్యాసం. ఆమె చెప్పిన వ్యాసం ఎక్కడా లేదు. చేత్తో పట్టుకుని, లేదా తెర మీద తెరచి చదవని దేనినీ సూచిలో చేర్చకండి.

బయటి దేశాలకు వెళ్లే పిల్లలు కూడా నన్ను అడుగుతుంటారు. ఇక్కడ లాబ్ రికార్డు స్నేహితుడికి ఇవ్వడం సాయం కింద లెక్క. చాలా విదేశీ యూనివర్సిటీల్లో రాసుకున్నవాడితోపాటు ఇచ్చినవాడినీ విచారణకు పిలుస్తారు. ఒకే వ్యాసాన్ని అడగకుండా రెండు కోర్సులకు ఇవ్వడమూ తప్పే. వీసా మీద చదివేవారికి సస్పెన్షన్ అంటే ఒక్కోసారి తిరుగు టికెట్టే. సెమిస్టర్ మొదట్లో ఇచ్చే సిలబస్ కాగితంలో ఈ నియమాలు రాసి ఉంటాయి, మార్కుల పట్టిక దగ్గరే చదవడం ఆపేయకండి.

చివరగా, సమర్పణకు పది రోజుల ముందు మీ గ్రంథంలో ఏవైనా పది అధోజ్ఞాపికలు కళ్లు మూసుకుని ఎంచుకోండి. జాబితా పట్టుకుని గ్రంథాలయానికి వచ్చి, ఆ పుస్తకాలు తీసి, ఆ పేజీలు తెరవండి. రెండు తప్పుగా తేలితే మిగతావన్నీ చూడాల్సిందే. మధ్యాహ్నం రెండు దాటాక కౌంటర్ దగ్గర రద్దీ తగ్గుతుంది, అప్పుడు రండి. కలాలు మీరే తెచ్చుకోండి, నావి ఇప్పటికే చాలా పోయాయి.