అమ్మ గొంతు దాచుకోండి

అమ్మ పోయాక ఆమె ఫోన్‌ను చాలామంది అలాగే బీరువాలో పెట్టేస్తారు. ముందు దానికి రీచార్జ్ చేయించండి. 90 రోజులు వాడకపోతే సిమ్ ఆగిపోవచ్చు. వాట్సాప్ ఖాతా కూడా మామూలుగా 120 రోజులు తెరవకపోతే పోతుంది. ఆలోపే అమ్మ చాట్లు తెరిచి, ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ నొక్కి, మీడియాతో సహా మీ మెయిల్‌కో డ్రైవ్‌కో పంపుకోండి.

మా హన్మకొండ దిక్కు ఆడవాళ్లు బతుకమ్మ పాటలు పాడి అక్కచెల్లెళ్లకు వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటారు. కాబట్టి పెద్దమ్మ, చిన్నమ్మల ఫోన్లు కూడా వెతకండి. “బిడ్డా, తిన్నవా?” అన్న చిన్న మెసేజ్‌ను కూడా వదలొద్దు. నన్నడిగితే పాటకన్నా అదే ఎక్కువ.

పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పొద్దున అమ్మ పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు అయ్యగారికి ఇస్తాం కదా. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఆమె పాటే అందుకోండి, మనవరాళ్లతో కోరస్ చెప్పించండి. పిల్లలకు చరణాలు నోటికి రావాలంటే మాత్రం వారం ముందు నుంచే ఆ రికార్డింగ్ రోజూ వినిపించాలి.