బాఖ్ ఆర్గన్ రికార్డింగ్‌ను మొదటిసారి ఎలా వినాలి?

ఆర్గన్ సంగీతం అనగానే చాలామందికి గుర్తొచ్చేది జర్మన్ స్వరకర్త బాఖ్ పేరు మీదున్న "టొకాటా అండ్ ఫ్యూగ్ ఇన్ డి మైనర్" మొదటి పది సెకన్లు, సినిమాల్లో భయపెట్టడానికి వాడేది. ఆ తర్వాత అంతా కలిసిపోయి ఒకటే హోరులా అనిపిస్తుంది, అక్కడే ఆపేస్తారు. కానీ ఆ హోరులో మూడు నాలుగు గొంతులు, అంటే ఒకేసారి నడిచే వేర్వేరు స్వరాల వరసలు ఉంటాయి, దేని పాట అది పాడుతూ ఉంటుంది. వాటిని విడదీసి వినడం అలవాటైతే ఇక వదలబుద్ధి కాదు.

ముందు రికార్డింగ్ సంగతి. నేనైతే జర్మన్ ఆర్గనిస్ట్ హెల్ముట్ వాల్ఖా వాయించినవే చెప్తాను. 1907లో లైప్‌జిగ్‌లో పుట్టారు, టీనేజ్‌లోనే చూపు పోయింది. నోటేషన్ చూసి నేర్చుకునే వీలు లేదు కాబట్టి, దగ్గరివాళ్ళు ఒక్కో గొంతునూ విడివిడిగా వాయించి వినిపిస్తే, అన్నీ మనసులోనే కలుపుకుని గుర్తుపెట్టుకునేవారు. అలా నేర్చుకున్న మనిషి బాఖ్ ఆర్గన్ రచనల్ని రెండుసార్లు రికార్డ్ చేశారు. రెండోసారి స్టీరియోలో, 1956లో నెదర్లాండ్స్‌లోని ఆల్క్‌మార్ చర్చిలో మొదలుపెట్టారు. ఆయన వాయిస్తుంటే ఏ గొంతూ ఇంకోదాని కింద నలిగిపోదు, అందుకే కొత్తవాళ్ళకి ఇదే మంచిది.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ తీయండి. దయచేసి ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఆర్గన్ కూడా హార్మోనియంలాగే తిత్తుల గాలితో పలికేదే, కాకపోతే గాలి రీడ్లలోకి కాకుండా ఎక్కువగా గొట్టాల్లోకి వెళ్తుంది, పైగా కాళ్ళతో వాయించే మెట్లు వేరే ఉంటాయి. పెడల్ అంటే అవే. వాటి గొట్టాల్లో పెద్దవి 16 అడుగులు, కొన్ని ఆర్గన్లలో 32 అడుగులు కూడా. 16 అడుగుల గొట్టం పలికే స్వరం 33 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. అంటే మీరు ఇంతకాలం పునాది లేని ఇల్లు చూసి బాగాలేదనుకున్నారు! వాల్యూమ్ గట్టిగా వచ్చే చోట సెట్ చేసుకోండి, మెల్లగా ఉన్నచోట పెంచితే తర్వాత చెవులు అదిరిపోతాయి.

మొదట వినాల్సింది డి మైనర్ కాదు. జి మైనర్‌లో ఉన్న చిన్న ఫ్యూగ్ (ఒకే వరసను గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకునే రచన), "బీడబ్ల్యూవీ 578" అని వెతికితే దొరుకుతుంది, బాఖ్ రచనల జాబితాలో దాని నంబర్ అది, నాలుగు నిమిషాల చిల్లర. మొదట ఒకే ఒక్క గొంతు, పై స్థాయిలో, ఒక వరస పాడుతుంది. దాన్ని అక్కడే ఆపి, మళ్ళీ మొదటినుంచి పెట్టి, కూనిరాగం తీయగలిగేదాకా వినండి. పదిసార్లు పట్టినా ఫర్వాలేదు, ఇక్కడ తొందరపడితే మిగతాదంతా మళ్ళీ హోరే. తర్వాత ముందుకు వదలండి: అదే వరసను రెండో గొంతు కొంచెం కింద అందుకుంటుంది, మూడోది ఇంకా కింద, చివరికి నాలుగోది, పాదాలతో, మంద్రంలో. ఆ నాలుగో రాక మీకు వినిపించిన రోజు సగం పని అయిపోయినట్టే. ఆపైన ప్రతిసారీ ఒక్క గొంతునే పట్టుకుని వెంట వెళ్ళండి, ఈ రోజు పైది, రేపు అడుగుది. వాల్ఖా నేర్చుకున్న పద్ధతీ ఇదే కదా.

ఇప్పుడు డి మైనర్, అంటే 565. దీనికి బాఖ్ చేతిరాత ప్రతి దొరకలేదు, అసలు ఆయనదేనా అని అనుమానించే పండితులూ ఉన్నారు, వినడానికి ఆ టెన్షన్ మనకెందుకు. మొదటి పలుకు వచ్చాక వెంటనే వచ్చే నిశ్శబ్దాన్ని వినండి. గొట్టం ఆగిపోయినా చర్చి గోడలు ఇంకా పలుకుతూ ఉంటాయి, ఆర్గనిస్ట్ ఆ ప్రతిధ్వనిని లెక్కేసుకునే తర్వాతి స్వరం వేస్తాడు. ఆ పలుకే ఇంకా కింద రెండుసార్లు వచ్చాక, పాదం ఒక మంద్ర స్వరాన్ని నొక్కి పడుతుంది, దాని మీద ఒక్కో స్వరం కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోతుంది. ఫోన్‌లో అస్సలు తెలియనిది ఇదే.

వేరే రికార్డింగ్‌తో పోల్చాలనిపిస్తే ఫ్రెంచ్ ఆర్గనిస్ట్ మరీ క్లేర్ అలాన్‌వి వినండి. శ్రుతి కొంచెం ఎక్కువగానో తక్కువగానో అనిపించొచ్చు, గొంతుల రంగే మారిపోయినట్టు ఉండొచ్చు. ఏ రెండు పాత ఆర్గన్లూ ఒకలా ఉండవు, అంతే.

ఒకటి రెండు వారాలు ఇలా విన్నాక పాసకాలియా, 582, పెట్టుకోండి. పావుగంట దాకా పడుతుంది, మధ్యలో లేవకుండా చూసుకోండి. ఎనిమిది ఆవర్తాల వరస ఒకటి, మొదట పాదాలతో ఒంటరిగా. దాని మీద ఇరవై మార్పులు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టండి, నిజంగానే. సగం దాటాక ఆ వరస కాళ్ళ దగ్గర్నుంచి చేతుల్లోకి, పై గొంతులోకి ఎక్కిపోతుంది, కాసేపటికి పెడల్ పూర్తిగా ఊరుకుంటుంది, సంగీతం పలచబడి గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. పదహారో మార్పులో పాదాలు మళ్ళీ దిగుతాయి. కాళ్ళకింద నేల తిరిగొచ్చినట్టు ఉంటుంది నాకైతే, ప్రతిసారీ.